తాడు కట్టించుకోని పడవ

పొద్దున్నే ఆ ఇంట్లో మొదట వినిపించేది పెద్దాయన దగ్గు, ఆ వెంటనే పెద్దావిడ సణుగుడు. ఆదివారమైనా అంతే. తను పనిచేసే మందుల షాపుకి సెలవు కదా, ఇంకాసేపు పడుకుందామనుకుంది కోడలు. కానీ ఏడేళ్ళ పిట్ట వచ్చి ఆమె పొట్ట మీద ఎక్కి కూర్చుంది.

"అమ్మా, లే. తాతయ్య నన్ను పడవలో తీసుకెళ్తున్నాడు. అవతలి ఒడ్డున కొంగలు గుడ్లు పెట్టాయట."

పిట్టకి అసలు పేరొకటి ఉంది. దాన్ని బడిలో టీచరు తప్ప ఎవరూ వాడరు. పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉండేదని నాన్నమ్మ అలా పిలిచింది, అదే ఖాయమైపోయింది. ఇప్పుడు ఒళ్ళు చేసినా, ఇల్లు పీకి పందిరేస్తున్నా, పిట్ట పిట్టే.

వంటింట్లో పెద్దావిడ గుడ్లు ఉడకబెడుతోంది. బల్ల దగ్గర పెద్దాయన రొట్టె ముక్క టీలో ముంచుకుంటున్నాడు. ఎదురుగా కొడుకు యూనిఫాం వేసుకుని డ్యూటీకి సిద్ధంగా ఉన్నాడు. ఆ పెద్ద సరస్సుకి వచ్చేవాళ్ళందరికీ అతని మొహం తెలియకపోయినా గొంతు తెలుసు. రేవులో రెస్క్యూ గది అతనిదే. పొద్దుట్నించి సాయంత్రం దాకా మైకులో చెప్తూనే ఉంటాడు. పిల్లలకి లైఫ్ జాకెట్లు వెయ్యండి, పెద్దవాళ్ళూ వేసుకోండి, ఎప్పటికి తిరిగొస్తారో ఒడ్డున ఉన్నవాళ్ళకి చెప్పి వెళ్ళండి, చెప్పిన వేళకి ఎవరైనా రాకపోతే ఆగకండి, వెంటనే మా దగ్గరికి రండి. ఊరందరికీ ఇన్ని చెప్పే మనిషి ఇంటికొచ్చేసరికి నోట్లో నాలుక లేనివాడైపోతాడు. కారణం ఎదురుగా కూర్చుని రొట్టె తింటోంది.

పెద్దాయన ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ సరస్సు మీద జనాన్ని దాటించాడు. ఇంజను చెడో, గాలికి చిక్కో ఆగిపోయిన పడవని ఇంకో పడవ తాడు కట్టి లాక్కురావడం ఆ రేవులో మామూలే. దాన్ని 'తాడు కట్టించుకోవడం' అంటారు. అందరి పడవలకీ ఎప్పుడో ఒకప్పుడు జరిగింది. పెద్దాయన పడవకి మాత్రం జరగలేదు. ఆయన మీసం నిలబడింది ఆ ఒక్క మాట మీదే.

"మామయ్యా, జాకెట్టు పిట్టకేనా? మీరూ వేసుకోండి," అంది కోడలు టీ పోస్తూ.

"నాకెందుకమ్మా? నీళ్ళకే నేనంటే భయం."

"మీకు ఈత రాదనలేదు. గాలి ఎక్కువగా ఉంది, అందుకంటున్నాను."

"రేవులో నన్నలా చూస్తే ఏమంటారో తెలుసా? ముసలాడికి దిండు కట్టి పంపారంటారు." ఆయన నవ్వాడు. పిట్ట ఇంకా గట్టిగా నవ్వింది. "దిండు తాతయ్యా!"

కోడలు మొగుడి వైపు చూసింది. అతను గుడ్డు మీద ఉప్పు చల్లుకోవడంలో మునిగిపోయాడు. "పిల్ల వేసుకుంటుంది కదా, వదిలెయ్. భోజనం వేళకి వచ్చేస్తారు," అన్నాడు, ఎవరి మొహం చూడకుండా.

"ఇవాళ వద్దులెండి," అంది పెద్దావిడ హఠాత్తుగా పొయ్యి దగ్గర్నుంచి. "ఇంకో రోజు వెళ్ళండి."

పెద్దాయన తలెత్తి ఆవిడ వైపు ఒక చూపు చూశాడు. ఆవిడ నోరు మూసుకుని మళ్ళీ గిన్నె వైపు తిరిగింది. ఆ చూపు కోడలికి కనిపించింది గానీ అర్థం కాలేదు. ముసలి మొగుడూ పెళ్ళాల మధ్య ఏవో ఉంటాయిలే అనుకుంది.

"ఫోను తీసుకెళ్ళండి మామయ్యా."

"ఛార్జింగులో ఉండనీ. నీళ్ళలో పడేస్తే మళ్ళీ నువ్వే గోల పెడతావు."

తాతా మనవరాలూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని వెళ్ళిపోయారు. పిట్ట జాకెట్టు బకిల్ కోడలే పెట్టి, రెండు సార్లు లాగి చూసింది.

మధ్యాహ్నానికి గాలి ఎక్కువైంది. మేడ మీద ఆరేసిన దుప్పటి పక్కింటి గోడ మీద పడింది. కిటికీ రెక్క కొట్టుకుంటుంటే కోడలు గడియ వేసింది. బల్ల మీద మూతలు పెట్టిన గిన్నెలు చల్లారిపోయాయి. పెద్దావిడ ఒకసారి వేడి చేసింది. మళ్ళీ చల్లారాయి. ఈసారి ఎవరూ వేడి చెయ్యలేదు.

కోడలు మొగుడికి ఫోన్ చేసింది.

"వస్తార్లే. గాలి తగ్గేదాకా అవతలి ఒడ్డున ఆగి ఉంటారు. నాన్నకి తెలీదా?"

కాసేపాగి మళ్ళీ చేసింది. అదే జవాబు. కానీ ఈసారి ఆమె మాట పూర్తవకముందే పెట్టేశాడు. మూడోసారి అతను ఎత్తలేదు. ఆమె చెప్పులు వేసుకుని స్కూటర్ తాళం తీసేసరికి, పెద్దావిడ అప్పటికే గుమ్మం బయట నిలబడి ఉంది.

రేవులో ఎర్రజెండా గాలికి పటపటమంటోంది. పడవలన్నీ తిరిగొచ్చి వరసగా కట్టేసి ఉన్నాయి. సెలవు గడపడానికి వచ్చినవాళ్ళు బట్టలు సర్దుకుని, తడిసిన పిల్లల్ని తువ్వాళ్ళలో చుట్టుకుని కార్ల వైపు పోతున్నారు. ఆ వరసలో ఒక్క చోటు ఖాళీగా ఉంది. అది పెద్దాయన పడవ కట్టేసే చోటు. సరస్సు మీద ఎటు చూసినా నురగ తప్ప ఏమీ లేదు.

రెస్క్యూ గదిలో అతను బైనాక్యులర్ కళ్ళకి ఆనించుకుని నిలబడ్డాడు. పక్కనే సైరన్ బటన్. కింద రెస్క్యూ బోటు కట్టేసే ఉంది. దాని డ్రైవరు మెట్ల మీద కూర్చుని, ఎప్పుడెప్పుడు పిలుస్తాడా అన్నట్టు గది వైపే చూస్తున్నాడు.

"బోటు ఇంకా ఇక్కడే ఉందేమండీ?"

అతను తిరగలేదు. "ఇంకొంచెం చూద్దాం."

"ఏం చూస్తారు? భోజనం వేళ ఎప్పుడో దాటిపోయింది."

"పోయినేడు గుర్తుందా నీకు? ఇలాగే కంగారుపడి బోటు పంపించాను. ఆయన చక్కగా కొండ మలుపులో కూర్చుని చేపలు పడుతున్నాడు. రేవంతా నవ్వింది. కొడుకే తండ్రిని కాపాడ్డానికి సైరన్ మోగించాడని. నాతో ఎన్ని నెలలు మాట్లాడలేదో నీకు తెలుసు. ఇప్పుడు మళ్ళీ నేను బోటు పంపించి, ఆయన పడవకి తాడు కడితే ఇంక ఈ రేవులో మొహమెత్తుకుని తిరగలేడు. నాకు తెలుసు మా నాన్న సంగతి. వచ్చేస్తాడు."

"ఆ పడవలో నా కూతురుంది."

"నా కూతురు కాదా?"

పెళ్ళయినప్పట్నించీ ఆమె అతన్ని 'మీరు' అనే పిలిచింది. పోట్లాడినప్పుడూ అంతే. ఇప్పుడు ఆ మాట ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు.

"రోజూ ఆ మైకులో ఏం చెప్తావు నువ్వు? చెప్పిన వేళకి రాకపోతే ఆగకండి అని చెప్తావా లేదా? ఎవరో ముక్కూమొహం తెలియనివాడి బిడ్డకైతే పరిగెత్తుతావు. నీ బిడ్డకైతే మీ నాన్న మీసం అడ్డొచ్చిందా?"

"అరవకు. బయట అందరూ..."

"అందరూ విననీ! నా పిల్ల పోయాక నువ్వు కాపాడిన పరువు ఏ గోడకి తగిలించుకుంటావు?"

అతను బటన్ మీద చెయ్యి పెట్టి మళ్ళీ తీసేశాడు. భయం లేక కాదు, లోపల పీకల దాకా ఉంది. ఆ బటన్ నొక్కితే నిజంగానే ఏదో జరిగిందని ఒప్పుకున్నట్టవుతుందని వెర్రి ఆశ.

అప్పటిదాకా తలుపు పట్టుకుని నిలబడ్డ పెద్దావిడ నోరు విప్పింది. "ఆయన చెయ్యి బాలేదురా."

ఇద్దరూ తిరిగారు.

"ఎడం చెయ్యి. ఈ మధ్య పట్టు తప్పుతోంది. మొన్న గ్లాసు జారిపోయింది. నిన్న చొక్కా గుండీ నేనే పెట్టాను. ఒక్కోసారి మాట కూడా మొద్దుబారుతోంది. ఎవరికైనా చెప్తే ఊరుకోనన్నారు. ఒట్టు వేయించుకున్నారు."

కోడలు ఆవిడ భుజాలు పట్టుకుంది. "అత్తయ్యా, నేను పొద్దస్తమానం ఇలాంటివాటికి మందులు అమ్ముతూనే కూర్చుంటాను కదా. నాకు ఒక్క మాట చెప్పి ఉంటే అది పక్షవాతం గుర్తని చెప్పేదాన్ని. పడవ కాదు కదా, గడప దాటనిచ్చేదాన్ని కాదు."

"పడవ నడపనివ్వరని దాచారే. ఇవాళ వద్దని అన్నాను కదా..." పెద్దావిడ మాట పూర్తి చెయ్యలేక అక్కడే నేల మీద కూలబడింది.

అతను బటన్ నొక్కాడు. సైరన్ రేవంతా మోగింది. కార్ల దగ్గర నిలబడ్డ జనమంతా ఒక్కసారి వెనక్కి తిరిగారు.

బోటులోకి ఆమె కూడా ఎక్కింది. డ్రైవరు వద్దనబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు. అతను జాకెట్టు తెచ్చి ఆమెకి తొడిగి, పట్టీ బిగించి, లాగి చూశాడు. అలవాటైన పని కాబట్టి చేతులు వాటంతటవే చేసేశాయి. ఆమె అతని మొహంలోకి చూడలేదు.

నీళ్ళు ఒడ్డు మీంచి చూసినట్టు లేవు. బోటు ఎగిరి ఎగిరి పడుతోంది. ప్రతి అల వెనకా ఏదో కనిపించినట్టుంటుంది. తీరా చూస్తే ఇంకో అల. ఆమె మనసులో ఎన్ని బేరాలు ఆడుకుందో లెక్కలేదు. పిల్ల దొరికితే చాలు, ఇంక దేనికీ విసుక్కోను, పొట్ట మీద కూర్చున్నా, గోడల మీద రంగులేసినా, ఎన్ని ప్రశ్నలడిగినా. అతను మైకు పట్టుకుని "పిట్టా! నాన్నా!" అని పిలుస్తున్నాడు. రోజూ గంభీరంగా వినిపించే ఆ గొంతు మధ్యలో చీలిపోతోంది.

కొండ మలుపు తిరిగాక డ్రైవరు వేగం తగ్గించి చెయ్యి చాపాడు. అలల మధ్య నారింజ రంగు.

అతను కొక్కెం కర్రతో దగ్గరికి లాగాడు. చిన్న లైఫ్ జాకెట్టు. వీపు మీద స్కెచ్ పెన్నుతో గీసిన పిట్ట బొమ్మ. లోపల ఎవరూ లేరు.

ఆమె ఆ జాకెట్టు లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. దాన్నుంచి నీళ్ళు కారుతున్నాయి. ముందుకు వంగి, దాని మెడ దగ్గర ముక్కు ఆనించి ఊపిరి పీల్చింది. సరస్సు నీళ్ళ వాసన తప్ప ఏమీ రాలేదు.

"బకిల్ విరగలేదు," అన్నాడు అతను. వంగి పట్టీ తిప్పి చూశాడు. "పట్టీ తెగలేదు. ఎవరో విప్పారు."

"ఎవరో ఏంటి? మీ నాన్న! దిండ్లు ఎందుకని విప్పించి ఉంటాడు. ఈత నేర్పిస్తానని దింపి ఉంటాడు. చంపేశాడు నా పిల్లని. నువ్వూ కలిసి చంపావు. ఒడ్డు మీద నిలబడి చంపావు."

అతను మైకు కింద పెట్టేసి, ఉత్త గొంతుతో, నోటి చుట్టూ చేతులు పెట్టుకుని పిలవడం మొదలుపెట్టాడు.

గాలి ఎటు తోస్తోందో చూసి డ్రైవరు బోటుని అటే పోనిచ్చాడు. జమ్ము గడ్డి దుబ్బుల దగ్గర ముందుగా పడవ ముక్కు కనిపించింది. పడవ బోల్తా పడలేదు. ఖాళీగా ఉన్నట్టే ఉంది. ఇంకాస్త దగ్గరికెళ్ళేసరికి, అంచు మీద బోర్లా పడుకున్న చిన్న ఒళ్ళు కనిపించింది. తడిసిన గౌను, వేలాడుతున్న జడ. రెండు చేతులూ నీళ్ళలోకి ఉన్నాయి.

"పిట్టా!"

పిల్ల తల తిప్పింది. చేతులు మాత్రం తియ్యలేదు. ఆ చేతుల్లో పెద్దాయన మణికట్టు ఉంది. ఆయన మెడ దాకా నీళ్ళలో ఉన్నాడు. కుడి చేతికి పడవ పక్క తాడు చుట్టుకుని ఉంది. పెదాలు నీలంగా మారాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఎవరినీ చూస్తున్నట్టు లేవు.

అతను నీళ్ళలోకి దూకి తండ్రిని కింది నుంచి ఎత్తాడు. డ్రైవరు పైనుంచి లాగాడు. పిట్ట వేళ్ళు మాత్రం విడవలేదు. వాటిని ఒక్కొక్కటే తియ్యాల్సి వచ్చింది. "వదిలెయ్ తల్లీ, వచ్చేశాం, ఇంక వదిలెయ్," అని కోడలు అంటుంటే, "వదిలితే మునిగిపోతాడమ్మా," అంది పిల్ల పళ్ళు కొట్టుకుంటూ.

దుప్పటి చుట్టి గుండెలకి అదుముకున్నాక గానీ కోడలికి ఏడుపు రాలేదు. వచ్చాక ఆగలేదు. ఆ ఏడుపులోనే అడిగింది. "జాకెట్టు ఎవరు విప్పారే? తాతయ్య విప్పమన్నాడా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. "ఇంజను ఫ్యానుకి నాచు చుట్టుకుంది. తాతయ్య తియ్యడానికి వంగి పడిపోయాడు. చెయ్యి పని చెయ్యట్లేదన్నాడు. మునిగిపోతున్నాడు. తాతయ్యకి లేదు కదమ్మా జాకెట్టు. అందుకని నాది విప్పి ఇచ్చేశా. వద్దని ఎంత అరిచాడో. ఆయనకి పట్టలేదు. గాలికి పోయింది."

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అతను తండ్రి పాదాలు రుద్దుతున్నవాడల్లా అలాగే ఆగిపోయాడు. పొద్దున్న పెద్దవాళ్ళు వదిలేసిన ఆ ఒక్క జాకెట్టు లోటుని పూడ్చడానికి ఏడేళ్ళ పిల్ల తన ఒంటి మీది జాకెట్టు విప్పి ఇచ్చింది.

పడవకి తాడు కట్టి రేవుకి లాక్కొచ్చారు. ఎవరూ నవ్వలేదు. పడవవాళ్ళు మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి పెద్దాయన్ని చేతుల మీద మోసుకెళ్ళి అంబులెన్సు ఎక్కించారు.

ఆస్పత్రిలో డాక్టరు మెదడులో ఎక్కడో చిన్న నాళం మూసుకుందన్నాడు. చన్నీళ్ళలో అంతసేపు ఉండి బతకడమే గొప్పని, మందులతో, చేతికి కసరత్తుతో చాలావరకు తేరుకుంటాడని చెప్పాడు. పిట్ట పక్క మంచం మీద ముసుగు తన్ని పడుకుంది. పెద్దావిడ మొగుడి కాళ్ళ దగ్గర కూర్చుని, ఆయన వినేలా తనని తానే తిట్టుకుంటోంది. కొడుకు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కోడలు అతనితో ఇంకా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. బోటులో అన్న మాటలు వాళ్ళిద్దరి మధ్యా అలాగే ఉన్నాయి. ఆమె వెనక్కి తీసుకోలేదు, అతను తీసుకోమనలేదు.

పెద్దాయన కళ్ళు తెరిచి కొడుకుని చేత్తో పిలిచాడు. మాట కోసం ప్రయత్నించాడు. గాలి తప్ప రాలేదు. కోడలు గాభరాగా దగ్గరికొచ్చింది, మాట పడిపోయిందేమోనని. నీళ్ళు తాగించింది. అప్పుడు గరగరమని వచ్చింది గొంతు.

"మేం రాలేదని నీకు ఎప్పుడు తెలిసిందిరా?"

కొడుకు తల దించుకున్నాడు. "మధ్యాహ్నమే నాన్నా."

"మరి?"

"మీకు... రేవులో తలవంపులవుతుందని. మళ్ళీ నాతో మాట్లాడరేమోనని. చూశాను. ఇంకొంచెం, ఇంకొంచెం అని చూస్తూ నిలబడ్డాను. ఇదే తిట్టి సైరన్ వేయించింది."

పెద్దాయన కొడుకుని చూశాడు. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి.

"నా గొంతు ఎందుకు పోయిందో తెలుసా నీకు?"

"చలికి అన్నారు డాక్టరు..."

"చలికి కాదురా. అరిచాను. కాపాడండర్రా అని అరిచాను. నీళ్ళలో పడ్డప్పట్నించి అరుస్తూనే ఉన్నాను. పరువు ఒక్కసారి గుర్తొస్తే ఒట్టు. ఎవడైనా సరే, ఎవడొచ్చినా వాడి కాళ్ళు పట్టుకుందామనుకున్నాను. గొంతు పోయాక ఆపేశాను. అప్పుడు పిల్ల అంది..."

ఆయన ఆగాడు. కుడి చెయ్యి పక్క మంచం వైపు చాపాడు, అందదని తెలిసీ.

"ఇంకా గట్టిగా కేకెయ్ తాతయ్యా, మా నాన్న ఆ గదిలోనే ఉంటాడు, నాన్నకి తప్పకుండా వినిపిస్తుంది అంది."

కొడుకు మోకాళ్ళ మీద కూలిపోయాడు. మంచం పట్టీకి నుదురు ఆనించి, ఊరంతా గుర్తుపట్టే ఆ గొంతుతో, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పెద్దాయన పని చేసే చేత్తో అతని తల నిమిరాడు. "తప్పు నాదిరా. నేను రానిచ్చానా నిన్ను?" అంటూ ఆయనా ఏడ్చాడు. పెద్దావిడ ఇద్దర్నీ కలిపి పట్టుకుంది.

కోడలు కాసేపు దూరంగానే నిలబడింది. కోపం పోలేదు, అంత తొందరగా పోదు కూడా. అయినా వచ్చి అతని పక్కన నేల మీద కూర్చుంది. అతని వీపు మీద చెయ్యి వేసింది.

"లేవండి," అంది. "పిల్ల లేచేసరికి మీరు కనిపించాలి."